255 దగ్గర ఆగిపోయిన అంకె

2021 ఫిబ్రవరి 5న లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో రెండు వింత విడుదలలు వచ్చాయి: 4.4.256, 4.9.256. వాటిలో కొత్త సౌకర్యమేదీ లేదు, ఒక్క బగ్ కూడా సరిచేయలేదు. మారింది వెర్షన్ నంబర్ మాత్రమే. అయినా స్టేబుల్ కెర్నల్ (ఇప్పటికే విడుదలైన వెర్షన్లకు సవరణలు మాత్రమే చేర్చే కెర్నల్) బాధ్యత చూసే గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఈ విడుదలను తప్పకుండా వాడి చూడమన్నారు. వీలైతే సిస్టమ్ మొత్తాన్ని మళ్లీ కంపైల్ చేసి, అంటే కోడ్ నుంచి మళ్లీ తయారుచేసి, ఎక్కడైనా తేడా కొడితే చెప్పమన్నారు. అప్పటికే క్యూలో ఉన్న ముఖ్యమైన పాచ్‌లను (కోడ్ సవరణలను) కూడా ఇందుకోసం కొన్నాళ్లు ఆపారు.

255కి ఒకటి కలపడానికి ఇంత టెన్షన్ ఎందుకు?

కెర్నల్ వెర్షన్‌ను మనం చుక్కలతో చదువుకుంటాం. ప్రోగ్రాములకు అలా చదవడం కష్టం కాబట్టి, మూడు భాగాలనూ కలిపి ఒకే అంకెగా మార్చి ఇస్తారు. మొదటి భాగాన్ని 65,536తో, రెండోదాన్ని 256తో గుణించి, మూడోదాన్ని ఉన్నదున్నట్టు కూడతారు. ఆ లెక్కన 4.4.255 అంటే 2,63,423. దాని తర్వాతి 4.4.256 అంటే 2,63,424. చిక్కేమిటంటే, 4.5.0 విలువ కూడా సరిగ్గా 2,63,424. మూడో భాగానికి ఇచ్చిన చోటు ఒక్క బైట్. అందులో 255కి మించి పట్టదు. ఇంకొకటి వేస్తే ఒలికి పక్క గడిలో పడుతుంది.

2016 మార్చిలోనే నిజమైన 4.5 వచ్చింది. దాంట్లో కొన్ని ఫంక్షన్ల తీరు వేరు. కెర్నల్‌కు బయట రాసిన డ్రైవర్లలో ‘వెర్షన్ 4.5 లేదా అంతకన్నా కొత్తదైతే ఇలా, పాతదైతే అలా’ అనే షరతులు బోలెడు ఉంటాయి. వాటి దృష్టిలో 4.4 రాత్రికి రాత్రే 4.5 అయిపోతుంది. డ్రైవర్లు విరిగినా కెర్నల్ వాళ్లు పెద్దగా పట్టించుకోరు, వాటిని సరిచూసుకోవాల్సింది రాసినవాళ్లే అంటారు. మామూలు ప్రోగ్రాముల సంగతి వేరు. గ్లిబ్‌సీ లాంటి, దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీలు కూడా కెర్నల్ వెర్షన్ చూస్తాయి. నిన్న నడిచిన ప్రోగ్రాము కెర్నల్ మార్చినందుకు ఇవాళ ఆగకూడదన్నది లినక్స్‌లో అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్న నియమం.

ఆ లెక్క పెట్టినవాళ్లను తప్పుపట్టలేం. 1990లలో ఎడాపెడా విడుదలలు చేసిన 2.1 డెవలప్‌మెంట్ సిరీస్ కూడా 132 దగ్గరే ఆగింది, అంటే బైట్‌లో సగమే నిండింది. 2005లో 2.6.11.1తో స్టేబుల్ విడుదలల పద్ధతి మొదలైనప్పుడు ఒక్కో కెర్నల్‌ను కాపాడింది కొద్ది వారాలే. తర్వాత దీర్ఘకాలిక కెర్నళ్లు వచ్చాయి, వాటికి రెండేళ్ల ఆయుష్షు. ఆండ్రాయిడ్ ఫోన్లు నడిచేదీ ఈ కెర్నల్ మీదే. ఫోన్ చిప్ తయారై, ఫోన్ బజారుకు వచ్చేసరికే ఆ రెండేళ్లు కరిగిపోయేవి. అందుకే ఆండ్రాయిడ్ కోసం 2017లో 4.4 ఆయుష్షును ఆరేళ్లకు పెంచారు. 2016 జనవరిలో పుట్టిన 4.4కు సగటున వారానికో విడుదల పడింది. ఐదేళ్లు తిరిగేసరికి 255 నిండిపోయింది.

మరి ఆ గడినే పెద్దది చేయొచ్చు కదా? చేయొచ్చు, కానీ పాత లెక్కతో కంపైలై కూర్చున్న ప్రోగ్రాములు ఇంకా 2,63,424తోనే పోల్చి చూస్తాయి. కొత్త లెక్కలో వచ్చే అంకె ఎప్పుడూ దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. నాలుగో భాగం తగిలిస్తే మూడు చుక్కలు ఎరగని స్క్రిప్టులు తడబడతాయి.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదా, పాత ప్రోగ్రామునూ కొత్త సిస్టమ్‌నూ కలపడానికి అందరూ చేసేది అదే. 2009లో ఒపెరా బ్రౌజర్ 10కి చేరినప్పుడు కొన్ని సైట్లు మొదటి అంకె ఒక్కటే చూసి దాన్ని వెర్షన్ 1 అనుకున్నాయి. దాంతో ఒపెరా తనను తాను 9.80గా చెప్పుకుంది. విండోస్ 7 లోపలి నంబర్ 6.1. మాక్ బిగ్ సర్ అసలు నంబర్ 11 అయినా, పాత పద్ధతిలో తయారైన ప్రోగ్రాములకు 10.16 అని చెబుతుంది. లినక్స్ కూడా దీనికి కొత్తేం కాదు. 2011లో 2.6.39 తర్వాత నేరుగా 3.0కి దూకినప్పుడు, మొదట్లో ‘2.6’ లేకపోతే నడవని ప్రోగ్రాముల కోసం ఒక ప్రత్యేక మోడ్ పెట్టారు. అందులో 3.0 కాస్తా 2.6.40గా కనిపిస్తుంది.

4.4 విషయంలోనూ అలాంటి అబద్ధమే ఆడారు. గ్రెగ్‌తో పాటు స్టేబుల్ కెర్నళ్లు చూసే సాషా లెవిన్ ఒక చిన్న పాచ్ రాశారు: మూడో భాగం 255 దాటితే, ప్రోగ్రాములకిచ్చే అంకెలో దాన్ని 255గానే చూపాలి. కుంచం నిండాక పైన చేత్తో చదును చేసినట్టన్నమాట. మనుషులు చదివే పేరులో మాత్రం 256, 257 అని అసలు నంబరే ఉంటుంది. 4.4 ఇక 4.5గా పొరబడే ప్రమాదం పోయింది.

నాకైతే ఇది మంచి బేరమే అనిపిస్తుంది, కానీ ఉచితం కాదు. ఆ అంకెను బట్టి చూస్తే 4.4.260కీ 4.4.290కీ తేడా తెలియదు. మధ్యలో ఏదైనా ఫంక్షన్ మారితే డ్రైవర్ రాసేవాళ్లు ఇంకో దారి వెతుక్కోవాలి. బీపీఎఫ్ (కెర్నల్ లోపలే చిన్న ప్రోగ్రాములు నడిపే సౌకర్యం) వాడేవాళ్లకు మరో తలనొప్పి. ఆ కెర్నళ్లలో కొన్ని రకాల బీపీఎఫ్ ప్రోగ్రాములు లోడ్ కావాలంటే వెర్షన్ అంకె అచ్చంగా సరిపోవాలి. పేరు చదివి సొంతంగా లెక్క కట్టుకునే టూల్స్‌కు 256 వస్తుంది, కెర్నల్ దగ్గర 255 ఉంటుంది. బీపీఎఫ్ ప్రోగ్రాములను లోడ్ చేసే లిబ్‌బీపీఎఫ్ లాంటి లైబ్రరీలు కూడా ఈ చదును లెక్కే నేర్చుకోవాల్సి వచ్చింది.

2021లోనే వచ్చిన 5.12లో ఈ 255 హద్దును ప్రధాన కెర్నల్‌లోనూ పెట్టారు. దానితో పాటు మూడు భాగాలనూ విడివిడిగా అడిగే వీలు కల్పించారు. 4.4 సిరీస్ 2022 ఫిబ్రవరిలో 4.4.302తో, 4.9 సిరీస్ 2023 జనవరిలో 4.9.337తో ముగిశాయి. ఆ పాత అంకెను అడిగితే, చివరి భాగం 255 అనే చెబుతాయి రెండూ.