పోటీల రోజున మూసిన రోడ్లు: అపోహలు – వాస్తవాలు

పరుగు పందేలకు, సైకిల్ పోటీలకు పట్టణ వీధులను వాహనాలు లేకుండా సిద్ధం చేయడం నా వృత్తి. ఏ కూడలిని ఎన్ని గంటలకు మూయాలి, ఎప్పుడు తెరవాలి, ఏ బారికేడ్ దగ్గర ఎవరు నిలబడాలి అన్నది ట్రాఫిక్ పోలీసులతో కూర్చుని నెలల ముందే తేల్చుకుంటాం. ఇంత శ్రమపడి ఖాళీ చేయించిన వీధిని పోటీదారులకు మాత్రమే అప్పగించి, ఆ వీధిలో ఉండేవారిని ఇళ్లకు పరిమితం చేస్తే సగం పనే చేసినట్లని నా నమ్మకం. జనాన్ని ఇంట్లోనే కట్టిపడేసే అపోహలు కొన్ని తరచూ వింటుంటాను. వాటి గురించే ఇది రాస్తున్నాను.

అపోహ: రోడ్డు మూశారంటే నడిచేవారికీ మూసినట్లే.

సాధారణంగా మూసేది మోటారు వాహనాలకే. కాలిబాట మీద నడవవచ్చు, మార్షల్ (దారి పొడవునా నిలబడి జనాన్ని, పోటీదారులను నడిపించే మా కార్యకర్త) చూపిన చోట రోడ్డు దాటవచ్చు. బారికేడ్లు పెట్టిన తర్వాత, తొలి పోటీదారు వచ్చేలోపు వీధి పూర్తిగా ఖాళీగా ఉండే వ్యవధి ఒకటుంటుంది. నిలిపి ఉంచిన వాహనాలను తీయించడానికి, మార్గాన్ని చివరిసారి తనిఖీ చేయడానికి మేము ఉంచుకునే సమయం అది. నన్నడిగితే ఆ రోజు మొత్తంలో నడకకు అంతకంటే మంచి సమయం లేదు. మార్షల్‌ను ఒక మాట అడిగి, ఆయన సరేనంటే పిల్లలను వెంటబెట్టుకుని రోడ్డు నడుమ నడవండి. రోజూ పక్క నుంచి, తల దించుకుని, హారన్ల మధ్య చూసే వీధిని ఎదురుగా నిలబడి చూడండి. మేడల పైఅంతస్తులు, చెట్ల వరుస, వీధి వంపు అప్పుడే కనిపిస్తాయి. ముందు వచ్చే పోలీసు మోటారు సైకిల్ కనిపించగానే మాత్రం పక్కకు తప్పుకోవాలి.

పోటీ ముగిసిన తర్వాతి సమయం అంత మంచిది కాదు. చివరి పోటీదారు వెనుక వచ్చే వాహనం దాటిపోయింది కదా అని చాలామంది రోడ్డు మీదకు దిగుతారు. కానీ బారికేడ్లు ఎత్తుకెళ్లే లారీలు, చెత్త తీసే బండ్లు దాని వెనుకే వస్తాయి. కూడలి తెరిచిన క్షణంలో అంతవరకు ఆగి ఉన్న వాహనాలన్నీ ఒక్కసారిగా కదులుతాయి.

సైకిల్ పోటీలకు లెక్క వేరు. అక్కడ తరచుగా రోడ్డును పొడవునా మూయరు. ముందొక పోలీసు వాహనం, వెనుకొక ముగింపు వాహనం ఉంటాయి, ఆ రెండింటి మధ్య భాగమే మూసినట్లు లెక్క. అది పోటీతో పాటు ముందుకు కదులుతూ పోతుంది. చదును రోడ్డు మీద సైకిళ్ల గుంపు గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటి వస్తుంది. అంటే సెకనుకు 11 మీటర్లు. పైగా పెద్దగా చప్పుడు చేయదు. చెవులను నమ్ముకుని సైకిల్ పోటీ మార్గాన్ని దాటవద్దు. ఒకే వీధుల్లో చుట్లు తిరిగే పోటీ అయితే గుంపు కొద్ది నిమిషాలకోసారి మళ్లీ వస్తుంది.

అపోహ: ఊరంతా రోజంతా స్తంభించిపోతుంది.

దీనికి లెక్కతోనే జవాబు చెప్పాలి. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. గడువు ఆరు గంటలు అనుకుంటే, చివరి పోటీదారు కిలోమీటరుకు దాదాపు ఎనిమిదిన్నర నిమిషాల చొప్పున పరిగెత్తాలి. అందరికంటే ముందున్నవారు కిలోమీటరును మూడు నిమిషాల్లో పూర్తిచేస్తారు. అంటే పదో కిలోమీటరు దగ్గర మొదటి వ్యక్తి అరగంటకు వస్తే, చివరి వ్యక్తి గంటా ఇరవై అయిదు నిమిషాలకు దాటిపోతారు. అక్కడ పరుగు సాగేది గంట లోపే. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర అది రెండు మూడు గంటలవుతుంది. ముగింపు రేఖ దగ్గర దాదాపు నాలుగు గంటలు. ముందు సిద్ధం చేయడానికి, వెనుక శుభ్రం చేయడానికి పట్టే సమయాన్ని వీటికి కలుపుకోవాలి.

అందుకే రోడ్డు మూసివేత వేళలను ఊరంతటికీ ఒకటిగా కాకుండా వీధివారీగా ప్రకటించాలని నేను పట్టుబడతాను. అలా ప్రకటించని నిర్వాహకులను మీరు గట్టిగా అడగండి. ప్రశాంతంగా చూడాలంటే తొలి కిలోమీటర్ల వీధులు, కోలాహలం కావాలంటే ముగింపు రేఖ దగ్గరివి ఎంచుకోండి. నాకు ఇష్టమైనది మాత్రం ముప్పయ్యో కిలోమీటరు దాటిన తర్వాతి భాగం. అక్కడ జనం పలచగా ఉంటారు, పోటీదారులేమో అలసిపోయి ఉంటారు. ఒక్క మనిషి చప్పట్లు కొట్టినా వారికి వినిపిస్తాయి.

అపోహ: ఇక్కడ తగ్గిన వాహనాలన్నీ పక్క వీధులను ముంచెత్తుతాయి.

కొన్ని వస్తాయి, అన్నీ రావు. రోడ్లు ఇరుకు చేసిన లేదా మూసిన చోట్ల ఏం జరిగిందో బ్రిటన్ పరిశోధకులు పరిశీలించి 2002లో ప్రచురించారు. వారు చూసిన ఉదాహరణల్లో సగం చోట్ల, పక్క రోడ్లను కలిపి లెక్కించినా వాహనాల రాకపోకలు 11 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గాయి. జనం ప్రయాణ వేళ మార్చుకున్నారు, నడిచి వెళ్లారు, కొన్ని పనులు వాయిదా వేసుకున్నారు. ఒకరోజు మూసివేతలో ఇలా జరగాలంటే ముందే తెలియాలి. ఉదయం బండి తీశాక బారికేడ్ ఎదురైన మనిషి దగ్గరి సందులోకే తిప్పుతాడు, ఇంకేం చేస్తాడు?

అపోహ: అంబులెన్సులు ఎలాగోలా వెళ్లిపోతాయి.

ఇది నిర్వాహకులకే ఉన్న అపోహ. అన్నింటికంటే ప్రమాదకరమైనది. అమెరికాలో మారథాన్లు జరిగే 11 నగరాల ఆసుపత్రి వివరాలను విశ్లేషించిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. మారథాన్ జరిగిన రోజుల్లో గుండెపోటుతోనో, గుండె ఆగిపోయో ఆసుపత్రిలో చేరిన వృద్ధుల్లో 30 రోజుల్లోపు మరణించినవారు 28.2 శాతం. మిగతా రోజుల్లో అది 24.9 శాతం. పోటీ జరిగే ఉదయం వేళల్లో అంబులెన్స్ ప్రయాణానికి సగటున 4.4 నిమిషాలు అదనంగా పట్టింది. ఈ వృద్ధుల్లో దాదాపు ఎవరూ పరుగు పందెంలో పాల్గొన్నవారు కారు.

ఈ అంకెలు చదివినప్పటి నుంచి మార్గాన్ని చూసేటప్పుడు నా మొదటి ప్రశ్న ఒకటే: మార్గానికి అటువైపు చిక్కుకున్న ఇళ్ల నుంచి ఆసుపత్రికి దారి ఎటు? రెండు వైపులా అంబులెన్సులు ఉండాలి. మనిషి కాపలా లేని బారికేడ్ ఒక్కటి కూడా ఉండకూడదు. నిర్ణయించిన కూడళ్లలో పోటీదారులను ఒక పక్కకు జరిపో, క్షణం ఆపో దారి ఇచ్చే అధికారం మార్షల్‌కు ముందే ఇవ్వాలి. మీ ఇంట్లో డయాలసిస్‌కు వెళ్లేవారో, నెలలు నిండినవారో ఉంటే పోటీకి ముందే నిర్వాహకులకు తెలియజేయండి. ఆ కూడళ్లకు అడ్డంగా బండి పెట్టకండి.

దీనికి మరో పక్కా ఉంది. అమెరికాలోని 26 మారథాన్లను మూడు దశాబ్దాల మేర పరిశీలించిన 2007 నాటి అధ్యయనం ప్రకారం పరుగులో హఠాత్తుగా గుండె ఆగి మరణించినవారు 26 మంది. అవే వేళల్లో రోడ్లు మూసి ఉన్నందువల్ల తప్పిపోయిన రోడ్డు ప్రమాద మరణాలు సుమారు 46 అని పరిశోధకుల అంచనా. వాహనాలు లేని వీధి ప్రాణాలు కాపాడుతుంది, అంబులెన్స్ దారి మూసుకుపోనంత వరకు.

అపోహ: ఒక్క ఉదయంతో గాలిలో, చప్పుడులో ఏం తేడా వస్తుంది?

2015 సెప్టెంబరు 27న పారిస్‌లో కొన్ని ప్రాంతాలను కార్లకు మూసినప్పుడు కొన్ని రోడ్ల పక్కన వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ వాయువు 40 శాతం వరకు తగ్గినట్లు అక్కడి గాలి నాణ్యత సంస్థ కొలిచింది. మర్నాటికి పాత స్థితే, నిజమే. కానీ ఆ ఉదయం ఆ వీధిలో ఊపిరి పీల్చినవారికి దక్కింది దక్కినట్లే. చప్పుడు సంగతి చెప్పడానికైతే కొలతలు అక్కర్లేదు. వాహనాలు ఆగిన వీధిలో ఇద్దరు మామూలు గొంతుతో మాట్లాడుకుంటే ఎదురు వైపుకు వినిపిస్తుంది.

అపోహ: ఎంత దగ్గరగా నిలబడితే అంత ప్రోత్సాహం.

రోడ్డు మీద గీసిన నీలి గీత కనిపిస్తే దాన్ని వదిలి నిలబడండి. మారథాన్ మార్గాన్ని కొలిచిన అతి దగ్గరి దారి అది. మలుపుల్లో రోడ్డు అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలోనే కొలుస్తారు, కాబట్టి మీరు నిలబడాలనుకునే మూలే పోటీదారుకు కావలసిన మూల. 2021 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పోటీ తొలిరోజున ఒక ప్రేక్షకురాలు చాచి పట్టుకున్న అట్ట ఒకరికి తగలడంతో సైకిళ్ల గుంపులో చాలామంది కూలిపోయారు.

అపోహ: దుకాణాలకు నష్టమే.

ఒక్క మాటలో తేలేది కాదు. నడిచి వచ్చేవారిని నమ్ముకున్న దుకాణానికి మంచి రోజు. బరువైన సరుకు దించుకోవలసిన దుకాణానికి కష్టమైన రోజు. సరుకు వేళలను ముందే మాట్లాడుకుంటే రెండోవారి ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

అపోహ: పోటీ లేనిదే రోడ్డు మూయరు.

కొలంబియా రాజధాని బొగోటాలో 1974లో మొదలైన ఏర్పాటు నేటికీ సాగుతోంది. ప్రతి ఆదివారం, సెలవు రోజున ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 వరకు వంద కిలోమీటర్లకు పైగా రోడ్లు నడకకు, సైకిళ్లకు వదిలేస్తారు. పోటీ లేదు, గడియారం లేదు. మీ ఊళ్లో అంత వెంటనే కుదరకపోవచ్చు. పోటీ అనుమతి కోసం పెట్టే దరఖాస్తులో మాత్రం మూసివేతను అరగంట ముందే మొదలుపెట్టి, ఆ అరగంటను వీధివాసుల కోసమని రాయించవచ్చు. అందుకు అదనంగా కావలసింది అరగంట బందోబస్తు, అదే మార్షళ్లు. బారికేడ్లు ఎలాగూ అప్పటికే వీధికి చేరి ఉంటాయి. సాధారణంగా దరఖాస్తులు పోటీకి చాలా ముందే వెళ్తాయి, కాబట్టి ఈసారి పోటీ పూర్తయిన వారంలోనే నిర్వాహకులను కలవండి.