ఆఫ్రికాలో నీటి పక్షుల ఫోటోలు: నేను తరచూ వినే అపోహలు, చూసిన వాస్తవాలు

ఆఫ్రికా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది సింహం కోసం, చిరుత కోసం వెళ్తారు. నేను కొంగల కోసం వెళ్తాను. పులికాట్ ఒడ్డున, నేలపట్టులో కెమెరా పట్టడం నేర్చుకున్నదాన్ని కాబట్టి, నీళ్లలో నిలబడి మేసే పక్షి అంటే నాకు ప్రాణం. ట్రిప్ ముందు నాకు ఫోన్ చేసేవాళ్ల మాటల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వినపడుతుంటాయి.

అపోహ: దూరాన ఉన్నదాన్ని బాగా దగ్గరగా చూపే 600 ఎంఎం లెన్స్ లేకపోతే వెళ్లడం దండగ.

వాస్తవం: లెన్స్ కన్నా మీరు ఎంత ఎత్తులో కూర్చున్నారన్నది ముఖ్యం. జీపు పైకప్పులోంచి నిలబడి తీస్తే పక్షి వెనక బురదే కనపడుతుంది. అదే పక్షిని దాని కంటి ఎత్తులో తీస్తే అవతలి ఒడ్డు మెత్తగా కలిసిపోయి పక్షి ఒక్కటే నిలుస్తుంది. అలాగని జీపు దిగి ఒడ్డున పడుకోవడం కుదరదు, చాలా పార్కుల్లో దిగనివ్వరు, పైగా అక్కడ మొసళ్లు, నీటిగుర్రాలు ఉంటాయి. అందుకే నేను పడవకే డబ్బు పెడతాను. బోట్స్వానాలో కసానే నుంచి చోబే నది మీదకి వెళ్లే చిన్న పడవల్లో నీటికి కాస్త ఎత్తులోనే కూర్చుంటాం, తామరాకుల మీద నడిచే జకానా దాదాపు మన కంటికి ఎదురుగా ఉంటుంది, 100-400 జూమ్ సరిపోతుంది. ఇంకో మాట, ఎండెక్కాక నీటి మీద వేడిగాలి ఊగుతుంటే దూరాన ఉన్న పక్షి ఎంత ఖరీదైన లెన్స్‌లోనైనా మసకగానే వస్తుంది. పొద్దున్నే వెళ్లండి, దగ్గరున్నవాటినే తీయండి.

అపోహ: కెన్యాలోని నకూరు సరస్సుకి వెళ్తే రాజహంసలు (ఫ్లెమింగోలు) లక్షల్లో ఉంటాయి.

వాస్తవం: ఒకప్పటి ఫోటోలు చూసి వెళ్లి నిరాశపడ్డవాళ్లు నాకు చాలామంది తెలుసు. అక్కడ గుంపులు గుంపులుగా మేసేది చిన్న రాజహంస. దాని తిండి ముఖ్యంగా స్పిరులినా అనే కంటికి ఆనని నాచు, అది సోడా (క్షారం) ఎక్కువున్న నీళ్లలోనే బాగా పెరుగుతుంది. 2010 తర్వాత సరస్సు మట్టం బాగా పెరిగి నీళ్లు పలచబడ్డాయి, తిండి తగ్గింది, పక్షులు బొగోరియా సరస్సు లాంటి చోట్లకి చెదిరిపోయాయి. అవి ఏ ఏడు ఎక్కడుంటాయో ఆ ఏడు నీళ్లని బట్టే. బయల్దేరే వారం ముందు గైడ్‌ని అడగండి, బొగోరియాకి ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. మన పులికాట్‌కి ఎక్కువగా వచ్చేది పెద్ద రాజహంస, దాని ముక్కు గులాబీ, కొన నలుపు. చిన్నదాని ముక్కు దూరం నుంచి మొత్తం నల్లగా కనిపిస్తుంది.

అపోహ: జూన్ నుంచి అక్టోబర్ వరకే సీజన్.

వాస్తవం: జంతువులకైతే నిజమే. పక్షులకి నవంబర్ నుంచి మార్చి దాకా కూడా మంచి కాలం, యూరప్ నుంచి, సైబీరియా నుంచి వచ్చే ఉల్లంకి (శాండ్‌పైపర్) జాతి పిట్టలు అప్పుడు అక్కడే ఉంటాయి.

అపోహ: గుంపు ఒక్కసారి లేచి ఎగిరితేనే ఫోటో.

వాస్తవం: దీని గురించి నాకు కోపం ఉంది, బాధా ఉంది. మొదటి ట్రిప్‌లో నేనే పడవ నడిపే ఆయన్ని ఇసుకదిబ్బకి ఇంకాస్త దగ్గరగా పోనివ్వమన్నాను. దాని మీద స్కిమ్మర్లు (కింది ముక్కుతో నీటిని చీలుస్తూ చేపలు పట్టే పక్షులు) ఉన్నాయి, చలికాలంలో మన కాకినాడ తీరంలో కనిపించే స్కిమ్మర్‌కి దగ్గరి చుట్టాలు. ఆయన ఇంజన్ ఆపేసి, అవి గుడ్ల మీద ఉన్నాయని మెల్లగా చెప్పాడు. నది తగ్గి దిబ్బలు తేలాకే అవి ఉత్త ఇసుకలో గుడ్లు పెడతాయి. మధ్యాహ్నం ఎండకి గుడ్లు ఉడికిపోకుండా పొట్ట తడుపుకొచ్చి వాటి మీద కూర్చుంటాయి. మనం లేపితే ఆ కాసేపూ గుడ్లు ఎండలోనే. పడవ వేగంగా పోతే ఆ అలకే గూడు కొట్టుకుపోవచ్చు. అప్పటినుంచి పడవ ఎక్కగానే నేను మొదట చెప్పే మాట, దేన్నీ లేపొద్దని.

లేపకుండా కూర్చుంటే దొరికేవి వేరే ఉంటాయి. ఆ నది మీదే ఒక నల్ల కొంగ, ఇంగ్లీషులో బ్లాక్ హెరాన్ అంటారు, రెండు రెక్కలూ ముందుకు వంచి తల మీద గొడుగులా మూసేసి ఆ నీడలో చేపలు పడుతుంది. రెండు మూడు సెకన్లు మూస్తుంది, తెరుస్తుంది, నాలుగడుగులు వేసి మళ్లీ మూస్తుంది. నలభై నిమిషాలు దాని ముందే ఉన్నాం. అది నల్లది కాబట్టి ఎక్స్‌పోజర్ (ఫోటోలో వెలుతురు) కాస్త పెంచాలనిపిస్తుంది, కానీ నీళ్ల మెరుపు ఉత్త తెల్లగా కాలిపోతుంది, అందుకే కెమెరాలో వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫ్, అంటే హిస్టోగ్రామ్ చూసుకుంటూ తీశాను. ముదురు నీళ్లలో నిలబడ్డ తెల్ల కొంగకైతే ఒక స్టాప్ దాకా, అంటే వెలుతురు సగం అయ్యేంత, తగ్గించాలి, కెమెరాకే వదిలేస్తే ఈకల గీతలన్నీ పోతాయి. షట్టర్ వేగం 1/1600 సెకను పెట్టాను. గొడుగు సగం తెరుచుకుని లోపల పసుపు కన్ను కనపడిన ఫ్రేమ్ ఒక్కటే వచ్చింది, అదే మా ఇంట్లో గోడ మీద ఉంది.