ఆ రోడ్డు ఎందుకు విరిగిందంటే

షెఫీల్డ్,
జూన్ 4

చిన్నూ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో మీరు చూసింది భూకంపం వచ్చిన చోటు కాదు. నేను చెప్పేలోపే సిగ్నల్ పోయింది, మళ్ళీ కలిసేసరికి మీరు నిద్రపోయారు. ముక్కలుగా విరిగి, ఒక ముక్క పైకి లేచి, ఇంకొకటి కిందికి దిగబడి, మధ్యలో గడ్డి మొలిచిన ఆ తారురోడ్డు మీద ఒకప్పుడు కార్లు, లారీలు తిరిగేవి. దాన్ని అలా చేసింది వాన. ఫోన్‌లో చెబితే సగంలోనే ఆటకు పారిపోతారు, అందుకే ఉత్తరం రాస్తున్నా.

ఆ ఊరి పేరు కాసిల్టన్. మీ అత్త వాళ్ళుండే షెఫీల్డ్ నుంచి బస్సులో గంట పైనే పట్టింది. పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండప్రాంతంలో ఉంటుంది. 1951లో బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కుగా ప్రకటించింది ఆ ప్రాంతాన్నే. ఊరు మాత్రం చిన్నది. రాతి ఇళ్ళు, ఒక చర్చి, ఇళ్ళ పక్కనే గలగలమని పారే వాగు. ఇంత చిన్న ఊరికి ఇంత జనం ఎందుకొస్తారా అనుకున్నా. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి కదా, మనుషుల కంటే ముందు నా కళ్ళు రాళ్ళ మీదికే పోతాయి. అక్కడ పొలాల చుట్టూ సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కడతారు. ఊరికి దక్షిణాన ఆ గోడలు తెల్లగా ఉంటాయి, ఉత్తరానికి పోయేకొద్దీ నల్లగా ఉంటాయి. ఎక్కడి రాయి అక్కడే పేర్చారు మరి. దక్షిణాన సున్నపురాయి. ఉత్తరాన ఇసుకరాయి, దాంతోపాటు షేల్ అని పొరలు పొరలుగా ఊడొచ్చే మెత్తని రాయి. రెండూ కలిసే గీత మీద కూర్చుంది కాసిల్టన్.

ఇప్పుడు రోడ్డు సంగతి. ఊరికి పడమరగా మామ్ టోర్ అనే కొండ ఉంది, ఎత్తు 517 మీటర్లు. ఆ పేరుకు అమ్మ కొండ అని అర్థం. దాని ఒంటి నుంచి జారిన మట్టి కింద చిన్న చిన్న గుట్టలుగా పడి ఉంటుంది, పిల్లల్ని కన్న తల్లిలాగా. అది షేల్, ఇసుకరాయి పొరలు పొరలుగా ఉన్న కొండ. వాన నీళ్ళు లోపలికి దిగితే షేల్ నానిపోతుంది, మీద ఉన్న బరువును మోయలేక జారుతుంది. వేల ఏళ్ళుగా అలా జారుతూనే ఉంది. ఆ సంగతి పట్టించుకోకుండా సుమారు 200 ఏళ్ళ కింద దాని మీదుగానే రోడ్డు వేశారు. ఎందుకంటే పాత దారి విన్నాట్స్ అనే ఇరుకు లోయలోంచి పోతుంది, నిటారుగా ఉంటుంది, గుర్రపు బండ్లు ఎక్కలేక ఆయాసపడేవి. ఈ కొండ మీద ఎక్కుడు అంత నిటారుగా లేదు కదా అని ఇటు తిప్పారు. ప్రతి వానకూ పగుళ్ళు, మళ్ళీ తారు, మళ్ళీ పగుళ్ళు. విరిగిన చోట నిలబడి చూస్తే అట్ట మీద అట్ట వేసినట్టు ఎన్నిసార్లు తారు పోశారో కనిపిస్తుంది. చివరికి 1979లో చేతులెత్తేసి పూర్తిగా మూసేశారు. ఇప్పుడు కార్లన్నీ మళ్ళీ ఆ పాత నిటారు లోయలోంచే పోతున్నాయి. ఆ లోయ సున్నపురాయిది. కదలదు.

కదలదు గానీ కరుగుతుంది, అదే తమాషా. సున్నపురాయి పుట్టింది సముద్రంలో. సుమారు 33 కోట్ల ఏళ్ళ కింద ఈ నేల భూమధ్యరేఖ దగ్గర, లోతులేని వెచ్చని సముద్రం కింద ఉండేదట. నేను స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని వణుకుతూ ఈ మాట చదివా! అందులో బతికిన జీవుల గవ్వలు, పెంకులు అడుగున పేరుకుని, నొక్కుకుపోయి రాయి అయ్యాయి. వాన నీళ్ళు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొంచెం పుల్లబడతాయి. ఆ పులుపు సున్నపురాయిని కొద్దికొద్దిగా తింటుంది. ముందు సన్నని పగులు, తర్వాత చెయ్యి పట్టే సందు, లక్షల ఏళ్ళకు మనిషి నడిచే గుహ. మనం బెలూంలో చూసిన గుహలూ ఇలాగే తయారయ్యాయి.

కాసిల్టన్ కింద అలాంటి గుహలు చాలా ఉన్నాయి. అన్నిటికంటే నాకు నచ్చింది పీక్ కావెర్న్. దాని పాత పేరు చెబితే మీ అమ్మ నన్ను తిడుతుంది, అయినా చెబుతా: దయ్యం ముడ్డి. నిజంగా! లోపల నిండిన వరద నీళ్ళు తీసేటప్పుడు వచ్చే చప్పుడు విని ఊరివాళ్ళు పెట్టిన పేరు. విక్టోరియా రాణి లోపల కచేరీ వినడానికి వస్తోందని పేరు మార్చారని చెబుతారు. ఇప్పుడు మళ్ళీ పాత పేరే బోర్డు మీద రాసుకుని టికెట్లు అమ్ముకుంటున్నారు. తెలివైనవాళ్ళు.

ఆ గుహ నోరు ఎంత పెద్దదంటే, 400 ఏళ్ళకు పైగా దాంట్లో తాళ్ళు పేనేవాళ్ళు ఇళ్ళు కట్టుకుని బతికారు. వానా ఎండా తగలవు, పొడుగ్గా తాడు సాగదీసి పురి పెట్టడానికి కావాల్సినంత చోటు. చుట్టుపక్కల సీసం గనులకు ఆ తాళ్ళే పోయేవి. వాళ్ళ పొయ్యిల పొగ పట్టి గుహ కప్పు ఇప్పటికీ నల్లగానే ఉంది. 1915 దాకా ఆ ఇళ్ళలో జనం ఉన్నారు. మాకు గుహ చూపించిన అమ్మాయి ఇద్దరు పిల్లల్ని పిలిచి, నార పోగులు చేతికిచ్చి, చక్రం తిప్పించి మూర పొడుగు తాడు పేని చూపించింది. మీ అవ్వ చూసి, "దీనికి టికెట్టా? మా నాయన ఎద్దులకు రోజూ పేనేవాడు" అంది.

ఈ గుహలతో కలిసిన టైటన్ అనే నిలువు బిలాన్ని 1999లో కనుక్కున్నారు. లోతు 141 మీటర్ల పైన. కుతుబ్ మీనార్‌లు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు అంత. తాడు కట్టుకుని దిగే అలవాటున్నవాళ్ళకే అది, మాలాంటి మోకాళ్ళవాళ్ళకు కాదు.

స్పీడ్‌వెల్ అని ఇంకొకటుంది. సీసం కోసం 1771లో తవ్వడం మొదలుపెట్టిన సొరంగం, ఇప్పుడు అది నీళ్ళతో నిండి ఉంటుంది, అందులో పడవ మీద తీసుకెళ్తారు. సీసం మాత్రం పెట్టిన ఖర్చుకు సరిపడా దొరకలేదు. అప్పటి మదుపుదారులకు ఎంత టెన్షనో!

ఈ ఊరి కొండల్లోనే బ్లూ జాన్ అనే రాయి దొరుకుతుంది, ఊదా, పసుపు చారలు చారలుగా. ఇప్పటికీ ఏటా కొంచెం తవ్వి నగలు చేస్తారు. ధర అడిగి, చూపుడు వేలితో ఒకసారి తాకి వచ్చేశా.

ఊరి పేరులో ఉన్న కోట మీద ఎక్కువ రాయను, ఎందుకంటే సగం దాకే ఎక్కా. పెవెరిల్ కోట. ఇంగ్లండ్‌ను నార్మన్లు గెలుచుకున్న కొత్తలో, 11వ శతాబ్దంలో మొదలైంది. ఇప్పుడు నిలిచి ఉన్న నాలుగు పలకల బురుజును 1170లలో రెండో హెన్రీ రాజు కట్టించాడు. దారి నిటారు ఎక్కుడు. మీ అవ్వ కిందే బెంచీ మీద కూర్చుని నాకు చెయ్యి ఊపింది.

పోయిన వారం, మే 29న, మళ్ళీ వెళ్ళాం. ఆ రోజు అక్కడ పూల పండగ. రెండో చార్లెస్ రాజు 1660లో లండన్‌కు తిరిగొచ్చిన రోజు అది. గుర్రం మీద ఒక మనిషి, పాతకాలం రాజు వేషం, అతని తల మీంచి నడుం దాకా గంట ఆకారంలో పూల బుట్ట బోర్లిస్తారు. మనిషి కనపడడు, పూలే గుర్రమెక్కి వస్తున్నట్టుంటుంది. ముందు బ్యాండ్, తెల్ల బట్టల్లో డాన్స్ చేసే పిల్లలు. ఊరంతా తిరిగి, ఆ బుట్టను తాడుతో చర్చి గోపురం మీదికి లాగి అక్కడే వదిలేస్తారు, ఎండిపోయేదాకా. హైదరాబాద్‌లో బతుకమ్మ పేర్చడం చూసిన మీ అవ్వ, "వీళ్ళు దాన్ని మనిషికి తొడిగారే" అంది.

మొదటిసారి వెళ్ళినప్పటి తిప్పలు కూడా చెప్పాలి. ఫోన్‌లో చూపించిన సాయంత్రం బస్సు రాలేదు. ఆదివారం అది తిరగదట. రైలు స్టేషన్ హోప్ అనే ఊరి అవతల, నాలుగు కిలోమీటర్ల దూరంలో. హోప్ అంటే ఆశ కదా, దాని మీదే బయల్దేరాం. వాగు వెంబడి, రైతుల పొలాల్లోంచి కాలిబాట. ఎవరి పొలమైనా సరే, గుర్తు పెట్టిన ఆ బాటలో నడిచే హక్కు అందరికీ ఉంటుంది. గేటు తీస్తే మళ్ళీ మూయాలి, లేకపోతే గొర్రెలు బయటికి పోతాయి. కొండల మీది బయలు నేలలో తిరిగే హక్కు మాత్రం అంత సులువుగా రాలేదు. లోయకు అవతల కిండర్ స్కౌట్ అనే కొండ ఉంది. జమీందార్లు వేట కోసం అట్టిపెట్టుకున్న ఆ కొండ మీదికి 1932 ఏప్రిల్ 24న వందల మంది, ఎక్కువమంది మాంచెస్టర్ కుర్రాళ్ళు, కావాలనే ఎక్కారు. ఐదుగురిని జైల్లో పెట్టారు.

హోప్ దగ్గర పడేసరికి పొగగొట్టం కనిపించింది. సిమెంటు ఫ్యాక్టరీ! 1929 నుంచీ ఉందట, నేషనల్ పార్కు కంటే ముందే. చుట్టూ ఇంత అందం పెట్టుకుని ఇదేంటని అత్తకు కోపం. నాకు మాత్రం ఇంటికొచ్చినట్టు అనిపించింది. సున్నపురాయి, షేల్ పక్కపక్కనే దొరికితే సిమెంటు చేసేవాళ్ళు ఊరుకుంటారా? మన జిల్లాలో ఆ గొట్టాలు ఎన్ని లేవు!

ఇంకొక్క మాట. అక్కడి గోడల్లో గవ్వల ముద్రలు కనిపించాయని చెబితే, మన ఇంటి నాపబండల్లో కూడా ఉంటాయా అని బుజ్జి అడిగింది కదా. ఉండవమ్మా. మన నాపరాయి ఆ రాయి కంటే చాలా పాతది, గవ్వలుండే జీవులు పుట్టకముందు పేరుకున్న బురద అది. కాబట్టి వరండాలో మేకుతో గీకి చూడొద్దు. మీ నాన్న పోయిన ఏడే పాలిష్ పట్టించాడు.

మీ తాత