డ్రిప్ సబ్సిడీ, పంట రుణం, కౌలు కార్డు: నేను రోజూ వినే అపోహలు

అనంతపురం వైపు పల్లెల్లో రైతుల దరఖాస్తులు రాసిపెట్టడం నా పని. పథకం ఉందని తెలియక నష్టపోయినవాళ్లు నాకు తక్కువే కనిపించారు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తెలియక నష్టపోయినవాళ్లే ఎక్కువ.

అపోహ: ముందు డ్రిప్ వేసుకుందాం, బిల్లు పెడితే సబ్సిడీ తర్వాత పడుతుంది.

పడదు. నాలుగెకరాల చీనీ తోట ఉన్న ఒక పెద్దాయన వేసవికి ముందే అంగట్లో పైపులు కొని, బిల్లును ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకొని వచ్చాడు. "ఏమప్పా, ఎక్కడ కొన్నా పైపు పైపే కదా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, కానీ నిబంధన అలా లేదు. రైతు సేవా కేంద్రంలో పేరు నమోదు చేయించాలి, పొలం సర్వే జరగాలి, మంజూరు రావాలి, మన వాటా కట్టాలి. ఆ తర్వాతే గుర్తింపు ఉన్న కంపెనీ సామాను దింపుతుంది. కేంద్రం లెక్క ప్రకారం ఐదెకరాల లోపు సన్న, చిన్నకారు రైతులకు 55 శాతం, మిగతావాళ్లకు 45 శాతం సబ్సిడీ. దానిపైన రాష్ట్రం కలిపేది ఆయా ప్రభుత్వాలను బట్టి మారుతుంది కాబట్టి పోయినేడు పక్కింటాయనకు వచ్చిన శాతం చూసి లెక్క వేసుకోకండి. ఒకసారి తీసుకున్న భూమికి మళ్లీ కావాలంటే ఏడేళ్లు ఆగాలి.

అసలు చిక్కు ఇంకోటి. చాలా ఇళ్లలో పొలం ఇంకా చనిపోయిన నాన్న పేరు మీదే ఉంటుంది. భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రికార్డు 1బీ. అందులో మీ పేరు లేకపోతే ఏ దరఖాస్తూ కదలదు. మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పించుకునే పని, పంటలు లేని రోజుల్లోనే ముగించుకోండి.

బోరుదీ ఇదే వరస. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి వచ్చాకే రిగ్గు బండిని పిలవాలి.

అపోహ: పంట రుణానికి ఏటా వడ్డీ కడితే చాలు, బ్యాంకువాళ్లు అసలును కొత్త రుణంగా తిరగరాస్తారు.

తిరగరాస్తారు నిజమే, కానీ రాయితీ పోగొట్టుకుంటారు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం. బ్యాంకు ఇచ్చిన గడువులోపు, అదీ ఏడాది దాటకుండా, అసలూ వడ్డీ కలిపి కట్టినవాళ్లకు 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. లక్షకు ఏడాదికి 3 వేలు తేడా. అందుకే మావైపు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి వారం రోజులకు అప్పు తెచ్చి, బ్యాంకులో కట్టి, మళ్లీ తీసుకుంటారు. చూడ్డానికి తిక్కగా ఉంటుంది కానీ లెక్క సరిపోతుంది, వారంలో బ్యాంకు తిరిగి ఇస్తేనే సుమా! ఆ మాట మేనేజరుతో ముందే ఖాయం చేసుకోండి.

అపోహ: తాకట్టు లేనిదే రుణం రాదు.

2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదు. అంతకుముందు ఈ హద్దు 1.6 లక్షలు. పంటను మాత్రం హామీగా రాయించుకుంటారు, అది మామూలే. ఒక బ్రాంచిలో ఇంకా పాత లెక్కే చెబుతుంటే, అదే మాట కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడిగాం. మర్నాడే ఫైలు కదిలింది.

అపోహ: కౌలురైతు కార్డుకు యజమాని సంతకం పెడితే భూమి పోతుంది.

పోదు. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రమే ఈ కౌలు కార్డు. దాని గడువు పదకొండు నెలలే, ఆ హక్కు కూడా పంట మీదే, భూమి మీద కాదు. అయితే కార్డు చేతికొస్తే రుణం వచ్చినట్టే అనుకోవడం కూడా అపోహే. ఆ పొలం మీద యజమాని ముందే పంట రుణం తీసుకొని ఉంటే బ్యాంకు రెండోసారి ఇవ్వదు. అందుకే పొలం, సాగు వివరాలుండే రెవెన్యూ రికార్డు అడంగల్ చూశాకే కౌలు మాట్లాడుకోండి. ఒంటరిగా వెళ్లి విసిగిపోయినవాళ్లు నలుగురైదుగురు కలిసి ఒకరి అప్పుకు అందరూ బాధ్యులయ్యే ఉమ్మడి బాధ్యత సంఘంగా అడిగితే నయం.

అపోహ: అప్పు తీరితే అంతా అయిపోయినట్టే.

రుణం ఇచ్చేటప్పుడు బ్యాంకు మీ సర్వే నంబరు మీద ఆన్‌లైన్‌లో ఛార్జి, అంటే ఈ పొలం మీద అప్పు ఉందన్న గుర్తు, పెడుతుంది. తీసేయాల్సింది కూడా బ్యాంకే, మనం అడగకపోతే అది మరుగున పడుతుంది. మా ఊళ్లో ఒకాయన రెండేళ్ల కిందటే అప్పు తీర్చేశాడు. కూతురి పెళ్లికి ఎకరం అమ్మబోతే ఛార్జి అలాగే కనిపించింది. నాలుగుసార్లు తిరిగి తీయించుకునేసరికి కొనేవాడు ఇంకో పొలం చూసుకున్నాడు.