వేరుశనగ నూనెలో కొవ్వు ఆమ్లాల పరీక్ష: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫ్రిజ్‌లో పెట్టిన పల్లి నూనె గడ్డకడితే అందులో పామాయిల్ కలిసినట్టే.

అచ్చమైన వేరుశనగ నూనె కూడా ఆ చల్లదనానికి మసకబారి చిక్కబడుతుంది. అరాకిడిక్, బెహెనిక్, లిగ్నోసెరిక్ అనే పొడవైన గొలుసుల సంతృప్త ఆమ్లాలు అందులో కొద్ది శాతం ఉండటం ఇందుకు ఒక కారణం. నూనె వేరుశనగదేనా అని చూడటానికి ప్రయోగశాలలో చేసే బెలియర్ పరీక్షకు ఆధారం కూడా ఈ ఆమ్లాలే. నూనెను ఆల్కహాల్ కలిపిన క్షారంతో సబ్బుగా మార్చి, ఎసిటిక్ ఆమ్లంతో ఆ సబ్బును విడగొట్టి, 70 శాతం ఆల్కహాల్ చేర్చి నెమ్మదిగా చల్లారుస్తూ మసక ఎక్కడ మొదలవుతుందో చూస్తాము. వేరుశనగకు అది 39 నుంచి 41 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి.

అపోహ: నివేదికలో కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా కనిపిస్తే నూనె పాడైందని అర్థం.

ఇక్కడ రెండు వేర్వేరు కొలతలు కలిసిపోతున్నాయి. నూనెలోని కొవ్వు ఆమ్లాలలో చాలా భాగం గ్లిసరాల్‌తో ముడిపడి ట్రైగ్లిజరైడ్ల రూపంలో ఉంటుంది; ఆ ముడి వీడి బయటపడినవి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు. నూనె నాణ్యత తగ్గిందని చెప్పేవి ఈ రెండోవి, వాటిని ఫినాఫ్తలీన్ సూచికగా క్షారంతో టైట్రేషన్ చేసి కొలుస్తాము. మొత్తం కొవ్వు ఆమ్లాలలో ఏది ఎంత శాతమో తేల్చడానికి మాత్రం నూనెను తేలిగ్గా ఆవిరయ్యే మిథైల్ ఎస్టర్లుగా మార్చి, వాటిని ఆవిరి రూపంలో విడదీసే గ్యాస్ క్రొమటోగ్రఫీకి పంపుతాము. ఈ మార్పిడి దగ్గర తొందర పనికిరాదు. మిథనాల్‌లో కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్ ట్రైగ్లిజరైడ్లను నిమిషాల్లో మార్చేస్తుంది గాని, స్వేచ్ఛా ఆమ్లాలను ఎస్టర్లుగా మార్చలేక సబ్బుగా మిగులుస్తుంది. కాబట్టి స్వేచ్ఛా ఆమ్లాలు ఎక్కువగా ఉండే ముడి తవుడు నూనె వంటి నమూనాలకు ఆమ్ల ఉత్ప్రేరకం తప్పనిసరి.

అపోహ: ఏ యంత్రంలో పెట్టినా ట్రాన్స్ కొవ్వు తేలిపోతుంది.

గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో ఆమ్లాలను విడదీసే సన్నని గొట్టమే కాలమ్; ఒక్కో ఆమ్లం గ్రాఫ్‌లో ఒక్కో శిఖరంగా కనిపిస్తుంది. మామూలు చిన్న కాలమ్ మీద ట్రాన్స్ ఆమ్లాల శిఖరాలు ఓలియిక్ శిఖరంలో కలిసిపోతాయి. వాటిని విడదీయడానికి సయనోప్రొపైల్ పూత గల 100 మీటర్ల కాలమ్ వాడతాము. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వులలో పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వుకు పరిమితి 2 శాతమే అయినప్పుడు, కలిసిపోయిన శిఖరాల నుంచి అంచనా వేసిన అంకెకు విలువ లేదు.

అపోహ: ఆమ్లాల శాతాలు ప్రమాణ పరిధిలో ఉంటే నూనె స్వచ్ఛమైనది, పరిధి దాటితే కల్తీది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. వేరుశనగ నూనెలో పామిటిక్ ఆమ్లం 10 శాతం, పామాయిల్ నుంచి వేరుచేసిన ద్రవ భాగమైన పామోలిన్‌లో 40 శాతం ఉన్నాయనుకుందాం. పదో వంతు పామోలిన్ కలిపితే మిశ్రమంలో పామిటిక్ 13 శాతానికి చేరుతుంది. వేరుశనగకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ ఒప్పుకునే గరిష్ఠం 14. అంటే కల్తీ నూనె నిక్షేపంగా ఉత్తీర్ణమవుతుంది. దీనికి సరిగ్గా ఎదురుగా, పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన గిర్నార్ 4, గిర్నార్ 5 రకాల నూనెలో ఓలియిక్ ఆమ్లం 80 శాతం దరిదాపుల్లో ఉంటుంది, లినోలియిక్ బాగా పడిపోతుంది, నూనెలోని అసంతృప్తతను తెలిపే అయోడిన్ విలువ కూడా సాధారణ వేరుశనగకు రాసుకున్న 85 కంటే దిగువకు రావచ్చు. రైతు నిజాయితీగా పండించి గానుగాడించిన ఆ నూనెను పాత పట్టికతో పోల్చితే, తప్పు లేని మనిషి మీద కల్తీ ముద్ర పడుతుంది.

అందువల్ల నమూనా తెచ్చినవారిని ముందు విత్తనం ఏ రకమని అడుగుతాను. అనుమానం మిగిలితే ద్రవ క్రొమటోగ్రఫీ మీద ట్రైగ్లిజరైడ్లనే నేరుగా విడదీసి చూడాలి: రెండు పామిటిక్‌ల నడుమ ఒక ఓలియిక్ అమరిన ట్రైగ్లిజరైడ్ పామాయిల్ కుటుంబంలో దండిగా ఉంటుంది, వేరుశనగలో చాలా తక్కువ.