న్యూయార్క్ కాగితం, టెక్సస్ ప్రయాణం: ఎన్‌ఆర్‌ఏ ఊరు మార్పు వెనక కథ

2021 జనవరి 15న అమెరికాలోని తుపాకి హక్కుల సంఘం నేషనల్ రైఫిల్ అసోసియేషన్ (ఎన్‌ఆర్‌ఏ) టెక్సస్‌లోని డాలస్ ఫెడరల్ కోర్టులో దివాలా పిటిషన్ వేసింది. న్యూయార్క్‌తో తెగతెంపులు చేసుకుంటున్నామని, ఇకపై టెక్సస్ సంస్థగా నమోదవుతామని సభ్యులకు కబురు పంపింది. టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ ఆ రోజే ట్విటర్‌లో స్వాగతం పలికారు. న్యూయార్క్ అటార్నీ జనరల్ లెటీషియా జేమ్స్ మాత్రం ఆ సంస్థ నైతికంగా ఎప్పుడో దివాలా తీసిందనీ, ఇప్పుడు డబ్బు లెక్క కూడా అక్కడికే చేరిందనీ అన్నారు. తుపాకి విషయంలో అమెరికా జనం ఎలా చీలిపోయి ఉన్నారో ఆ రెండు మాటల్లోనే తెలిసిపోతుంది.

ఇందులో వింత ఒకటుంది. కొన్నేళ్లుగా ఎన్నడూ లేనంత బలంగా మా ఆర్థిక పరిస్థితి ఉందని కూడా ఎన్‌ఆర్‌ఏ అదే రోజు చెప్పింది. డబ్బున్నవాళ్లు దివాలా కోర్టు మెట్లెక్కడమేమిటి? జవాబు కావాలంటే 1871 నాటి ఒక కాగితం దాకా వెళ్లాలి.

అంతర్యుద్ధం ముగిసి ఆరేళ్లయింది. ఉత్తరాది సైనికుల్లో చాలామందికి గురి చూసి కాల్చడమే రాదని ఆ యుద్ధం బయటపెట్టింది. ఆ లోటు తీర్చాలని విలియం చర్చ్, జార్జ్ వింగేట్ అనే ఇద్దరు మాజీ సైనికాధికారులు 1871 నవంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో ఈ సంఘాన్ని నమోదు చేయించారు. తొలి అధ్యక్షుడు జనరల్ ఆంబ్రోస్ బర్న్‌సైడ్. రాష్ట్ర ప్రభుత్వమే సాయం చేసి లాంగ్ ఐలండ్‌లో క్రీడ్ కుటుంబం పొలం కొనిపించింది. 1873లో అక్కడ క్రీడ్‌మూర్ అనే రైఫిల్ మైదానం మొదలైంది. మరుసటి ఏడాది ఐర్లండ్ జట్టు వచ్చి పోటీ పడితే వేలమంది చూడటానికి వెళ్లారు. అమెరికన్లు 934-931తో, అంటే మూడే పాయింట్ల తేడాతో గెలిచారు. ప్రభుత్వ సొమ్ముతో, ప్రభుత్వ అవసరం కోసం పుట్టిన సంఘం ఇది. నేటి ఎన్‌ఆర్‌ఏ ఒక్కటే తెలిసినవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తర్వాత రాష్ట్ర ప్రభుత్వానికి ఆ ఆసక్తి సన్నగిల్లింది. 1890లో క్రీడ్‌మూర్ తిరిగి రాష్ట్రం చేతికే వెళ్లింది. 1892లో పోటీలు న్యూజెర్సీలోని సీ గర్ట్ అనే సముద్రతీరపు ఊరికి తరలిపోయాయి. ఇది మొదటి వలస. సీ గర్ట్ పేరు గుర్తుంచుకోండి, దీంతో మళ్లీ పని పడుతుంది. 20వ శతాబ్దం తొలి దశకంలో కార్యాలయం వాషింగ్టన్ చేరింది. ఆఫీసు ఎక్కడికి వెళ్లినా నమోదు కాగితం మాత్రం న్యూయార్క్‌లోనే ఉండిపోయింది.

1934లో మెషిన్‌గన్లను అదుపు చేసే చట్టం కాంగ్రెస్ ముందుకొచ్చినప్పుడు ఎన్‌ఆర్‌ఏ అధ్యక్షుడు కార్ల్ ఫ్రెడరిక్ సాక్ష్యమిచ్చారు. జనం ఆయుధాలు వెంటబెట్టుకుని తిరగడం తనకెప్పుడూ నచ్చలేదనీ, దాన్ని గట్టిగా నియంత్రించి లైసెన్సు ఉన్నవారికే పరిమితం చేయాలనీ అన్నారు. నేడు అదే పదవిలో ఉండి ఆ మాట అనగలవారిని ఊహించలేం. అప్పటి జనాభిప్రాయం కూడా వేరు. 1959లో గాలప్ అనే సర్వే సంస్థ అడిగినప్పుడు, పోలీసులు తదితర అధీకృతులు తప్ప ఎవరి దగ్గరా పిస్తోలు ఉండకూడదని 60 శాతం మంది చెప్పారు.

1977ను నేను ఈ కథకు గుండెకాయ అంటాను. కెనడీ సోదరులు, మార్టిన్ లూథర్ కింగ్ హత్యల తర్వాత 1968లో తుపాకి నియంత్రణ చట్టం వచ్చింది. ఆ చట్టంతో కొంతవరకు సర్దుకుపోదామన్నది ఎన్‌ఆర్‌ఏ పాత నాయకత్వం ధోరణి. వాషింగ్టన్ రాజకీయాలకు దూరంగా ప్రధాన కార్యాలయాన్ని కొలరాడో స్ప్రింగ్స్‌కు తరలించి వేటకూ, ప్రకృతి సంరక్షణకూ, క్రీడలకూ పెద్దపీట వేయాలని వాళ్లు నిర్ణయించారు. సామాన్య సభ్యులకు ఇది అస్సలు మింగుడుపడలేదు. పోరాటం వాషింగ్టన్‌లో జరుగుతుంటే మనం కొండల్లోకి పోవడమేమిటన్నది వాళ్ల కోపం. ఆ ఏడాది మే నెలలో సిన్సినాటీలో జరిగిన వార్షిక సమావేశానికి తిరుగుబాటుదారులు వేటగాళ్ల నారింజరంగు టోపీలు పెట్టుకుని, చేతుల్లో వాకీటాకీలతో వచ్చారు. తీర్మానం వెనక తీర్మానం పెట్టి, తెల్లవారుజాము దాకా సభ నడిపి, పాత నాయకులను దించేశారు. తిరుగుబాటుదారుల నాయకుడు హార్లన్ కార్టర్ పగ్గాలు పట్టారు, కొలరాడో ప్రయాణం ఆగిపోయింది. నేటి ఎన్‌ఆర్‌ఏ నిజంగా పుట్టింది ఆ రాత్రే. సభ్యులను అడగకుండా ఊరు మార్చబోయిన పెద్దలను ఆ సభ్యులే ఇంటికి పంపిన రాత్రి అది.

ఆ తర్వాతి బలం అందరికీ తెలిసిందే. 1991 నుంచి వేన్ లాపియర్ చేతుల మీదుగా సంఘం నడిచింది. కార్యాలయం వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్‌కు మారింది. పిస్తోళ్ల నిషేధం కోరేవారు గాలప్ లెక్కల్లో 2021 నాటికి 19 శాతానికి పడిపోయారు. అలాగని ఎన్‌ఆర్‌ఏ మీద అభిమానం ఆ మేరకు పెరగలేదు. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో జరిగిన కాల్పుల్లో 20 మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ బడి కాల్పుల్లో 17 మంది పోయారు. 2019 నాటికి ఆ సంస్థను ఇష్టపడేవారు, పడనివారు దాదాపు చెరిసగమని గాలప్ తేల్చింది. ఇంట్లో తుపాకి ఉండాలనేవారందరూ ఎన్‌ఆర్‌ఏ మనుషులు కారు. ఈ తేడా పట్టుకోకపోతే టెక్సస్ కథ బోధపడదు.

న్యూయార్క్‌లో నమోదైన లాభాపేక్షలేని సంస్థ సొమ్ము సవ్యంగా ఖర్చవుతోందా లేదా చూసే అధికారం ఆ రాష్ట్ర అటార్నీ జనరల్‌ది. ఆఫీసు వర్జీనియాలో ఉన్నా ఆ అధికారం వదలదు. 2020 ఆగస్టు 6న లెటీషియా జేమ్స్ ఆ అధికారంతోనే దావా వేసి, సంస్థనే రద్దు చేయమన్నారు. ప్రైవేటు విమానాలు, బహామాస్ యాత్రలు, అయినవాళ్లకు కాంట్రాక్టులు కలిపి మూడేళ్లలో 6.4 కోట్ల డాలర్ల నష్టమన్నది ఆరోపణ. రాజకీయ కక్ష అని ఎన్‌ఆర్‌ఏ బదులిచ్చింది. జేమ్స్ 2018 ఎన్నికల ప్రచారంలో ఆ సంస్థను ఉగ్రవాద సంస్థ అన్నమాట నిజమే, అలా అనకుండా ఉండాల్సింది. కానీ ఆ డబ్బు చందాలు కట్టిన సభ్యులది. వాళ్లకు లెక్క చెప్పాల్సిన బాధ్యత అంతకంటే పెద్దది.

టెక్సస్ ఆలోచన అక్కణ్నుంచే వచ్చింది. మామూలు దారిలో న్యూయార్క్ వదలాలంటే ఆ అటార్నీ జనరల్ కార్యాలయాన్ని దాటి పోవాలి. దివాలా కోర్టు ద్వారా అయితే ఆ గడప దాటే పని ఉండదని సంస్థ న్యాయవాదుల లెక్క. డాలస్‌లో కేసు వేయడానికి అక్కడ ఏదో ఒక ఆధారం కావాలి కనుక, 2020 నవంబరులో టెక్సస్‌లో ఒక చిన్న అనుబంధ కంపెనీ పెట్టారు. దాని పేరు సీ గర్ట్. న్యూయార్క్‌ను తొలిసారి వదిలి వెళ్లిన ఊరి పేరే మళ్లీ బయటికి తీశారు.

విచారణలో అసలు సంగతులు బయటపడ్డాయి. పిటిషన్ వేస్తున్నట్టు లాపియర్ పాలకవర్గంలో చాలామందికి చెప్పనేలేదు. వారం రోజుల ముందు ఆమోదించిన ఆయన ఉద్యోగ ఒప్పందంలోని ఒక వాక్యమే ఆయనకు ఆ అధికారమిచ్చిందని వాదించారు. పాలకవర్గ సభ్యుడు, కాన్సస్ జడ్జి ఫిలిప్ జర్నీ స్వతంత్ర విచారణాధికారి కావాలని కోర్టుకెక్కారు. ఆయన తుపాకి హక్కుల వ్యతిరేకి కాదు, ఆ హక్కుల కోసం జీవితమంతా పనిచేసిన మనిషి. 44 ఏళ్ల కింద సిన్సినాటీలో లేచిన ప్రశ్నే డాలస్‌లో మళ్లీ లేచింది: అడగకుండా మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు? 2021 మే 11న జడ్జి హార్లిన్ హేల్ కేసు కొట్టేశారు. అప్పులవాళ్ల కోసం కాదు, దావాలో పైచేయి కోసం, న్యూయార్క్ నియంత్రణ తప్పించుకోవడం కోసం వేసిన పిటిషన్ ఇదని, దీనిలో సద్బుద్ధి లేదని తేల్చారు.

మరి టెక్సస్ జనం? గవర్నర్ స్వాగతాన్ని రాష్ట్రమంతటి గొంతుగా తీసుకోకూడదు. ఆ సంస్థకు అప్పట్లో అక్కడ 4 లక్షలకు పైగా సభ్యులున్నమాట నిజం. అదే 2021 ఏప్రిల్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం, టెక్సస్ ట్రిబ్యూన్ కలిసి జరిపిన సర్వేలో లైసెన్సు లేకుండా పిస్తోలు పట్టుకు తిరగనివ్వడాన్ని 59 శాతం ఓటర్లు వద్దన్నారు. అలా తిరగనిచ్చే చట్టం మాత్రం సెప్టెంబరు 1 నుంచి అమలైంది. 2019లో ఎల్ పాసో కాల్పుల్లో 23 మంది చావును చూసిన రాష్ట్రం అది. 2022 మే 24న అదే రాష్ట్రంలోని యువాల్డీ బడిలో కాల్పులకు 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. మూడు రోజులకే హ్యూస్టన్‌లో ఎన్‌ఆర్‌ఏ వార్షిక సమావేశం మొదలైంది. బయట వందల మంది నిరసనకు దిగారు, గవర్నర్ ఆబట్ స్వయంగా రాకుండా వీడియో పంపారు. మరుసటి ఏడాది మే 6న డాలస్ శివారు అలెన్‌లోని షాపింగ్ మాల్‌లో ఎనిమిది మందిని కాల్చి చంపారు. వాళ్లలో ఒక తెలుగు యువతి ఉంది. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో వేల తెలుగు కుటుంబాలు ఉంటున్నాయి. శనివారం సాయంత్రం పిల్లలతో వాళ్లు తిరిగేది అలాంటి చోట్లే. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2022 మార్చిలో న్యూయార్క్ జడ్జి సంస్థను రద్దు చేయాలన్న కోరికను తోసిపుచ్చారు, మిగిలిన దావా సాగనిచ్చారు. 2024 ఫిబ్రవరిలో జ్యూరీ లాపియర్ సంస్థ సొమ్ము దుర్వినియోగం చేశారని తేల్చింది. ఆయన అప్పటికే పదవి వదిలేశారు. ఆ మే నెలలో ఎన్‌ఆర్‌ఏ వార్షిక సమావేశం డాలస్‌లోనే జరిగింది. అక్కడే పాలకవర్గం, సంస్కరణలు కోరినవారు బలపరిచిన డగ్ హామ్లిన్‌ను లాపియర్ స్థానంలో ఎన్నుకుంది. సమావేశం ముగిశాక అందరూ తిరుగుముఖం పట్టారు. కార్యాలయం ఫెయిర్‌ఫాక్స్‌లో, 1871 నాటి నమోదు న్యూయార్క్‌లో అలాగే ఉన్నాయి.