సంతకానికే పిలుపు అందుకునే ఊరు: బడి కమిటీల వెనుక కథ

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లా కలెక్టర్లను బడుల లెక్క తీయమన్నాడు. 1826 నాటికి మద్రాసు ప్రెసిడెన్సీ (బ్రిటిష్ పాలనలోని దక్షిణాది రాష్ట్రం) మొత్తంలో 12,498 బడులు తేలాయి. అరుగుల మీదా పంచల్లోనూ నడిచిన వీధి బడులే అందులో ఎక్కువ. అయ్యవారికి పిల్లల ఇళ్ల నుంచే ముట్టేది. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించడం, పెద్ద పిల్లలతో చిన్నవాళ్లకు చెప్పించడం బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్‌కు బాగా నచ్చాయి. కానీ వాటిని మెచ్చుకుంటూ రాసిన 1823 నివేదికలోనే, ఒకప్పుడు బడి ఉన్న చాలా ఊళ్లలో ఇప్పుడది లేదనీ, విదేశీ బట్ట దిగుమతితో నేతపనివాళ్లు చితికిపోయారనీ రాశాడు. ఊరు పేదదైతే ఊరి బడి మూతపడింది. అయితే అది అందరి బడీ కాదు. ఆడపిల్లలు, దళితుల పిల్లలు ఆ అరుగు ఎక్కింది చాలా తక్కువ.

అందరికీ చదువు అందాలంటే ప్రభుత్వం రావాల్సిందే, వచ్చింది. 1959 పంచాయతీరాజ్ చట్టంతో ప్రాథమిక బడులు పంచాయతీ సమితుల (కొన్ని ఊళ్లకు కలిపి ఉండే సంస్థల) కిందికీ, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుల కిందికీ వెళ్లాయి. పరిషత్తు పేరు బడి బోర్డుల మీద ఇప్పటికీ ఉంది. అయ్యవారి జీతం ఖజానా నుంచి రావడం మొదలైంది. మంచిదే. కానీ బడిలో ఏం జరుగుతోందని అడిగే అలవాటు ఊరికి తప్పిపోయింది.

దాన్ని తిరిగి తేవాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో ప్రత్యేక చట్టమే చేసి బడి కమిటీలు పెట్టింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం మరో అడుగు వేసింది: కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి, బడి అభివృద్ధి ప్రణాళిక వాళ్లే రాయాలి.

ఆ తర్వాత ఊరి చేతికి వచ్చిన పెద్ద పనులు చూడండి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన నాడు-నేడు పథకంలో బడులను బాగుచేసే పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారా నడిచాయి. 2024లో తెలంగాణ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో మహిళా సంఘాలకు మరమ్మతులు అప్పగించింది. మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు. ఇవి అక్కర్లేదని ఎవరంటారు? నా బాధ అది కాదు. సిమెంటు బిల్లు మీద సంతకం చేసే తల్లికి, మూడో తరగతి పిల్లాడికి చదవడం వచ్చిందా అని అడిగే చోటు ఎందుకు దొరకదు? ఖాళీ టీచర్ పోస్టు సంగతి ఆమె మాటతో కదలదు. కమిటీ మీటింగేమో బడివేళల్లో పెడతారు. పత్తి తీసే రోజుల్లో ఆ పూటకు వస్తే కూలి పోతుంది. తీర్మానాల పుస్తకం తర్వాత ఇంటికే వస్తుంది, సంతకం కోసం.

మీటింగు పొద్దుగూకాక పెట్టాలి. మొదటి అంశంగా పిల్లల చదువు లెక్క అక్కడే గట్టిగా చదివి వినిపించాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు.